జీతం పంచిన మాస్టారు: ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్

చదవడానికి ముందు

పిల్లలూ! మీకు సైన్సు అంటే ఇష్టమా? మీ బడిలో ల్యాబ్ ఉండే ఉంటుంది. అక్కడ గాజు సీసాలు, కళ్ళద్దాలు, రసాయనాలు అన్నీ మీకోసం సిద్ధంగా ఉంటాయి. ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. సైన్సు అంటే ప్రాణం పెట్టే ఒక అబ్బాయి ఉన్నాడు. కానీ ఇంట్లో డబ్బు లేదు. కాలేజీ అయిన మర్నాడే ఉద్యోగం చూసుకోవాలి, ఇంటికి డబ్బు పంపాలి. అలాంటి అబ్బాయి శాస్త్రవేత్త ఎలా అవుతాడు? అతనికి ఏమేం కావాలి? మీకు తోచినవి మూడు మీ నోటుపుస్తకంలో రాసుకోండి. పాఠం చివర మళ్ళీ చూద్దాం.

ఈ పాఠంలోని మాస్టారు తెలుగువారు కారు, బెంగాలీవారు. కానీ భారతదేశంలో కెమిస్ట్రీ చదివే ప్రతి విద్యార్థీ, తెలుగు విద్యార్థులతో సహా, ఆయనకి కొంచెం రుణపడి ఉన్నారు. ఎందుకో మీరే చదివి తెలుసుకోండి.

పుస్తకాల మధ్య జబ్బు పిల్లాడు

ప్రఫుల్ల చంద్ర రాయ్ 1861 ఆగస్టు 2న పుట్టాడు. ఊరి పేరు రారులి. కపోతాక్ష నది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. నాన్న హరీశ్ చంద్ర రాయ్ భూములున్న ఆసామి. చదువంటే ఆయనకి చాలా గౌరవం. ఇంట్లో మంచి గ్రంథాలయం ఉండేది.

1870లో కుటుంబం కలకత్తాకి వచ్చింది. ప్రఫుల్ల హేర్ స్కూల్లో చేరాడు. కొన్నేళ్ళకే అతనికి పెద్ద జబ్బు చేసింది. రక్త విరేచనాలు. చిక్కి సగమైపోయాడు. బడి మానేసి ఊరికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. రెండేళ్ళపాటు ఇంట్లోనే ఉన్నాడు.

మీరైతే ఆ రెండేళ్ళూ ఏం చేసేవారు? ప్రఫుల్ల నాన్నగారి అలమరాలు ఖాళీ చేశాడు! చరిత్ర, కవిత్వం, గొప్పవాళ్ళ జీవితాలు, ఏది దొరికితే అది చదివాడు. జబ్బు పూర్తిగా ఎప్పుడూ తగ్గలేదు. జీవితాంతం ఆయన తిండి, నిద్ర చాలా జాగ్రత్తగా చూసుకోవాల్సి వచ్చింది. కానీ ఆ రెండేళ్ళలో పట్టుకున్న చదివే అలవాటు కూడా జీవితాంతం ఉండిపోయింది.

తరవాత ఇంట్లో పరిస్థితి మారింది. నాన్నకి అప్పులు పెరిగాయి. భూములు ఒక్కొక్కటే చేతులు మారాయి. అందుకని కాలేజీ చదువుకి ప్రఫుల్ల ఫీజు తక్కువ ఉన్న మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరాడు. ఆ కాలేజీని నడిపినవారు ఈశ్వర చంద్ర విద్యాసాగర్. మధ్యతరగతి పిల్లలు కూడా పై చదువు చదవాలని ఆయన పట్టుబట్టి నడిపిన కాలేజీ అది. కానీ అక్కడ సైన్సు ల్యాబ్ లేదు. కెమిస్ట్రీ పాఠాలకి పక్కనున్న ప్రెసిడెన్సీ కాలేజీకి బయటి విద్యార్థిగా వెళ్ళేవాడు. అక్కడ అలెగ్జాండర్ పెడ్లర్ అనే మాస్టారు క్లాసులో ప్రయోగాలు చేసి చూపించేవారు. అవి చూసి ప్రఫుల్లకి కెమిస్ట్రీ పిచ్చి పట్టింది.

ఎంత పిచ్చి అంటే, స్నేహితుడితో కలిసి గదిలోనే చిన్న ల్యాబ్ పెట్టాడు. డబ్బాల పనిచేసేవాడి చేత పల్చటి రేకుతో ఒక పరికరం చేయించాడు. దాంట్లో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి మంట రప్పించాలని ప్లాను. అతుకుల దగ్గర గాలి లీకై, అది ఢామ్మని పేలింది! అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. మీరు మాత్రం ఇలాంటివి ఇంట్లో చెయ్యకండి.

ఓడ ఎక్కించిన స్కాలర్‌షిప్

ఆ రోజుల్లో ఇండియాలో కెమిస్ట్రీలో పై చదువులు చదవడానికి వీలుండేది కాదు. బ్రిటన్ వెళ్ళాలి. ఓడ ఖర్చు, ఫీజు, చలిబట్టలు, అద్దె... అప్పుల్లో ఉన్న నాన్న ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెస్తాడు?

దారి ఒక్కటే కనిపించింది. గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్ అని ఒక పోటీ పరీక్ష ఉండేది. దేశమంతటి నుంచీ విద్యార్థులు రాసేవారు. ఇంగ్లీషు, సంస్కృతంతో పాటు లాటిన్, ఫ్రెంచ్ లాంటి భాషలు కూడా రావాలి. ప్రఫుల్ల ఎక్కువమందికి చెప్పకుండా గుట్టుగా చదివాడు. సంగతి తెలిసిన తోటి విద్యార్థులు కొందరు నవ్వారు. ఫలితాలు వచ్చేసరికి నవ్వినవాళ్ళు నోరు మూసుకున్నారు. ఆ ఏడు స్కాలర్‌షిప్ గెలిచినవాళ్ళు ఇద్దరే. బొంబాయి నుంచి ఒక పార్సీ యువకుడు, కలకత్తా నుంచి ప్రఫుల్ల.

1882లో ఓడ ఎక్కాడు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ అలెగ్జాండర్ క్రమ్ బ్రౌన్ అనే గొప్ప ప్రొఫెసర్ దొరికారు. ఆయన శిష్యుడిగా ప్రఫుల్ల ప్రయోగం ఎలా చెయ్యాలో, ఫలితాన్ని ఎలా అనుమానించాలో, మళ్ళీ మళ్ళీ ఎలా సరిచూసుకోవాలో నేర్చుకున్నాడు. 1887లో డీఎస్సీ పట్టా అందుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఫీజు తక్కువ ఉన్న కాలేజీ ఒకటి, స్కాలర్‌షిప్ ఒకటి, పని నేర్పిన గురువు ఒకరు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ప్రఫుల్ల శాస్త్రవేత్త అయ్యేవాడా? ఆయన ఈ లెక్క ఎప్పుడూ మర్చిపోలేదని ఆయన తరవాతి జీవితం చూస్తే తెలుస్తుంది.

250 రూపాయల ఉద్యోగం

1888లో డాక్టర్ ప్రఫుల్ల చంద్ర రాయ్ కలకత్తాకి తిరిగొచ్చారు. చేతిలో ఎడిన్‌బరో పట్టా ఉంది, ఉద్యోగం మాత్రం లేదు. దాదాపు ఏడాది ఖాళీగా ఉన్నారు. ఆ రోజుల్లో ఆయనకి తన ఇంట్లో చోటిచ్చిన స్నేహితుడు ఎవరో తెలుసా? మొక్కల మీద, రేడియో తరంగాల మీద పరిశోధనలు చేసిన జగదీశ్ చంద్ర బోస్!

1889లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. నెలకి 250 రూపాయలు, అదీ తాత్కాలికం. అప్పట్లో కాలేజీ మాస్టార్లలో పై తరగతి ఉద్యోగాలు ఇంచుమించు అన్నీ తెల్లవాళ్ళకే. అంతే చదువు చదివిన భారతీయులకి కింది తరగతి, తక్కువ జీతం. రాయ్ గారికి ఇది అన్యాయమని తెలుసు. అయినా ఆ తక్కువ జీతంలోనే బతుకుతూ ల్యాబ్‌లో పని మొదలుపెట్టారు.

ముందుగా ఆయన దేన్ని పరీక్షించారో చెప్పనా? నెయ్యి, ఆవనూనె! బజారులో అమ్మే నెయ్యి అసలుదా, కల్తీదా అని ఎలా కనిపెట్టాలి? ముందు అసలు నెయ్యి ఎలా ఉంటుందో కచ్చితంగా కొలవాలి. అందుకని తన కళ్ళ ముందు తీయించిన నెయ్యి, ఆడించిన నూనె తెచ్చి పరీక్షలు చేశారు. ఆ పనికి దాదాపు మూడేళ్ళు పట్టింది. 1894లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

తరవాత పాదరసం మీద పని. పలచటి నైట్రిక్ ఆమ్లంలో పాదరసం వేసి ఉంచితే, దాని మీద పసుపుపచ్చటి స్ఫటికాలు ఏర్పడ్డాయి. మొదట చూసి ఇది మామూలు లవణమేనేమో అనుకున్నారు. కానీ అంత ఆమ్లంలో ఆ లవణం ఏర్పడటం కష్టం కదా అని అనుమానం వచ్చింది. విడగొట్టి చూశారు. అది మెర్క్యురస్ నైట్రైట్. నిలకడ లేదని అందరూ అనుకునే రకం పదార్థం, చక్కటి స్ఫటికాల రూపంలో ఎదురుగా ఉంది. 1896లో ఈ సంగతి ప్రకటించారు. ఆ తరవాత నైట్రైట్ల మీద ఆయన, ఆయన శిష్యులు ఎన్నో ఏళ్ళు పనిచేశారు.

ఎముకలు, కాకులు, ఒక కంపెనీ

రాయ్ గారి క్లాసులో చదువుకున్న పిల్లలు డిగ్రీ చేతికి రాగానే గుమస్తా ఉద్యోగాలకి పరుగెత్తేవారు. వేరే దారి లేదు మరి. కెమిస్ట్రీ నేర్చుకున్నవాడికి కెమిస్ట్రీ పని దొరకాలంటే దేశంలో ఫ్యాక్టరీలు ఉండాలి. అందుకని 1892లో దాచుకున్న కొద్ది డబ్బుతో తన అద్దె ఇంట్లోనే మందుల తయారీ మొదలుపెట్టారు.

ఒక మందుకి ఎముకల బూడిద కావాలి. కసాయి కొట్ల నుంచి పచ్చి ఎముకలు తెచ్చి మేడ మీద ఎండబెట్టారు. ఇక చూస్కోండి! ఊళ్ళోని కాకులన్నీ అక్కడే. అవి ఎముక ముక్కలు ముక్కున కరుచుకుని పక్కిళ్ళలో పడేసేవి. పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? గొడవ చేశారు. పాపం, మాస్టారు ఎముకల్ని వేరే చోటికి తరలించాల్సి వచ్చింది. అలా మొదలైనదే బెంగాల్ కెమికల్స్ అనే కంపెనీ. భారతీయులు నడిపిన మొదటి మందుల కంపెనీల్లో అదొకటి.

ఆ ఎముకల బూడిదని ఆయన క్లాసులో కూడా వాడేవారు. బాగా కాల్చిన ఎముక బూడిద పిసరంత తీసి నోట్లో వేసుకునేవారు! పిల్లలు అబ్బో అనేవారు. కాలిన తరవాత అందులో జంతువుది అనేది ఏదీ మిగలదు, మిగిలింది శుభ్రమైన రసాయన పదార్థం మాత్రమే అని వాళ్ళకి అలా చూపించేవారు. అలాంటి పాఠం ఎవరైనా మర్చిపోతారా?

మాస్టారి పిల్లలు

రాయ్ గారు పెళ్ళి చేసుకోలేదు. విద్యార్థులే ఆయన పిల్లలు. 1909 ప్రాంతంలో ప్రెసిడెన్సీ కాలేజీకి ఒక అద్భుతమైన జట్టు వచ్చింది. జ్ఞాన చంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ, సత్యేంద్రనాథ్ బోస్ ఆ జట్టులోవాళ్ళే. రెండేళ్ళ తరవాత మేఘనాథ్ సాహా వచ్చాడు. ఇందులో సాహా కథ కొంచెం ఆగి విందాం.

సాహా ఢాకా దగ్గర ఒక పల్లెటూరివాడు. నాన్నకి చిన్న కిరాణా కొట్టు. ఊళ్ళో పెద్ద బడి లేదు. దూరంగా ఉన్న ఇంకో ఊళ్ళో ఒక డాక్టరుగారు తన ఇంట్లో చోటిచ్చారు. దానికి బదులుగా పిల్లాడు తన కంచం తనే కడుక్కోవాలి, ఆవుని చూసుకోవాలి. తరవాత ఢాకాలో స్కాలర్‌షిప్‌తో చదువుతుండగా, బెంగాల్ విభజనకి వ్యతిరేకంగా నిరసన చేసినందుకు స్కాలర్‌షిప్ పోయింది, బడి కూడా పోయింది. వేరే బడిలో చేరాడు. కలకత్తా వచ్చాక కులం పేరుతో హాస్టల్లో కొందరు అతని పక్కన కూర్చుని అన్నం తినడానికి ఒప్పుకోలేదు. చదువయ్యాక సైకిల్ మీద ఊరంతా తిరిగి ట్యూషన్లు చెప్పి, తనతో పాటు తమ్ముణ్ణి కూడా పోషించాడు.

ఇలాంటి కుర్రాడికి తెలివి ఒక్కటే ఉంటే సరిపోతుందా? సరిపోదు. పరిశోధన అనేది విచిత్రమైన పని. నెలలు గడుస్తాయి, ఫలితం రాదు. ప్రయోగం పాడవుతుంది, మళ్ళీ చెయ్యాలి. డబ్బున్నవాడు ఆగగలడు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే తన జీతమే దిక్కు అయినవాడు ఎన్నాళ్ళు ఆగగలడు? అందుకే ఎంతోమంది తెలివైన పిల్లలు ల్యాబ్ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయేవారు. వాళ్ళ పేర్లు మనకి తెలియవు.

రాయ్ గారు ఆ గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆయన చేసిన పనులు చూడండి. చదువుకునేటప్పుడే పిల్లల్ని ల్యాబ్‌లోకి పిలిచి, తన పక్కన నిలబెట్టి పని నేర్పారు. ఆ పని పత్రికల్లో అచ్చయినప్పుడు తన పేరు పక్కన వాళ్ళ పేర్లు కూడా వేశారు. లండన్‌లోని కెమికల్ సొసైటీ పత్రికలో కలకత్తా కుర్రాళ్ళ పేర్లు కనిపించడం మొదలైంది. సాయంత్రాలు వాళ్ళని వెంటేసుకుని మైదానానికి నడిచి వెళ్ళేవారు. అక్కడ సైన్సు, చరిత్ర, దేశం సంగతులు అన్నీ మాట్లాడుకునేవారు. మాస్టారంటే భయపడాల్సిన పని లేదని పల్లెటూరి పిల్లలకి అక్కడే తెలిసేది.

ఒక గది, ఒక మంచం

1916లో రాయ్ గారు ప్రెసిడెన్సీ కాలేజీ వదిలి, కలకత్తా విశ్వవిద్యాలయం కొత్తగా పెట్టిన సైన్స్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరారు. తారక్‌నాథ్ పాలిత్, రాస్ బిహారీ ఘోష్ అనే ఇద్దరు లాయర్లు తమ ఆస్తులిచ్చి నిలబెట్టిన కాలేజీ అది. ఆశుతోష్ ముఖర్జీ గారు సాహానీ, సత్యేంద్రనాథ్ బోస్‌నీ కూడా అక్కడికే తీసుకొచ్చారు. గురువు, ఆయన క్లాసులో కూర్చున్న కుర్రాళ్ళు ఇప్పుడు ఒకే చోట పాఠాలు చెప్తున్నారు!

ప్రొఫెసర్ గారు ఎక్కడ ఉండేవారనుకుంటున్నారు? పెద్ద బంగళాలోనా? కాదండీ. ఆ కాలేజీ మేడ మీద ఒక గదిలోనే. ఒక మంచం, పుస్తకాలు, నాలుగు నూలు బట్టలు. ఇల్లు గడవని విద్యార్థులు కొందరు ఆయన దగ్గరే ఉండి చదువుకునేవారు. 1919లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకి సర్ అనే బిరుదు ఇచ్చింది. గదిలో మాత్రం ఏమీ మారలేదు.

1921లో ఆయనకి 60 ఏళ్ళు నిండాయి. చాలామంది ఆ వయసులో, ఇకమీదట నా డబ్బు నా కోసం అనుకుంటారు. రాయ్ గారు విశ్వవిద్యాలయానికి ఒక మాట ఇచ్చారు. ఇక ముందు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తనకొచ్చే జీతమంతా కెమిస్ట్రీ విభాగానికీ, ఇద్దరు పరిశోధక విద్యార్థుల వేతనాలకీ వాడమన్నారు. అప్పటికి ఇంకా రాని జీతాన్ని ముందుగానే ఇచ్చేశారన్నమాట! 75 ఏళ్ళ వయసులో, 1936లో పదవీ విరమణ చేసేదాకా ఆ మాట మీదే నిలబడ్డారు.

1922లో కెమిస్ట్రీ పరిశోధనకి ఒక బహుమతి కూడా పెట్టారు. దానికి తన పేరు పెట్టుకోలేదు. పూర్వకాలపు రసాయన విద్యలో ప్రసిద్ధుడైన నాగార్జునుడి పేరు పెట్టారు. ఆ పేరు మన తెలుగువాళ్ళకి కొత్త కాదు. నాగార్జునసాగర్ ఆనకట్ట గురించి ఇంట్లో వినే ఉంటారు. రాయ్ గారికి పాత రసాయన గ్రంథాలంటే చాలా ఇష్టం. భారతదేశపు రసాయన శాస్త్ర చరిత్రని రెండు సంపుటాలుగా రాశారు. తాళపత్రాలు వెతికించి, చదివి, 1902లో మొదటి సంపుటం, 1909లో రెండోది ప్రచురించారు.

అదే రోజుల్లో ఖుల్నా ప్రాంతంలో కరువు, 1922లో ఉత్తర బెంగాల్లో వరదలు వచ్చాయి. రాయ్ గారు ల్యాబ్ వదిలి సహాయం పోగుచెయ్యడానికి బయల్దేరారు. ఆయన వెంట నడిచింది ఎవరు? ఆ విద్యార్థులే.

విత్తనాలు ఎక్కడెక్కడ మొలిచాయి?

సాహా 1920లో నక్షత్రాల వేడిని వాటి వెలుగు నుంచి లెక్కగట్టే సూత్రం కనిపెట్టాడు. ఆ తరవాత యూరప్ వెళ్ళడానికి అతనికి కూడా స్కాలర్‌షిప్పే సాయపడింది. సత్యేంద్రనాథ్ బోస్ 1924లో కాంతి కణాలని లెక్కపెట్టే కొత్త పద్ధతి చెప్పాడు. సైన్సు పుస్తకాల్లో బోసాన్ అనే మాట చదివారా? అది ఆయన పేరే! జ్ఞాన చంద్ర ఘోష్ ఖరగ్‌పూర్ ఐఐటీకి మొదటి డైరెక్టర్ అయ్యాడు. మరో శిష్యుడు నీలరతన్ ధర్ అలహాబాద్‌లో తనే పెద్ద గురువై ఎందరినో తయారుచేశాడు. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీ పుట్టినప్పుడు దాని మొదటి అధ్యక్షులు రాయ్ గారే.

మరి ఆడపిల్లల సంగతేమిటి అని మీలో కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. రాయ్ గారి తొలి శిష్యుల పేర్లు చూస్తే అందరూ అబ్బాయిలే. అప్పట్లో సైన్స్ ల్యాబ్‌ల తలుపులు అమ్మాయిలకి దాదాపు మూసే ఉండేవి. ఆ తలుపు తెరుచుకోవడానికి ఇంకో తరం పట్టింది. అదే కలకత్తా విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ చదివిన అసీమా ఛటర్జీ 1944లో డీఎస్సీ పట్టా అందుకున్నారు. భారతీయ విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా పొందిన మొదటి మహిళ ఆవిడే.

అదే 1944లో, జూన్ 16న, ప్రఫుల్ల చంద్ర రాయ్ గారు కన్నుమూశారు. సైన్స్ కాలేజీలోని ఆ గదిలోనే, తన విద్యార్థుల మధ్యే. వయసు 82 ఏళ్ళు. తన పేర వెనకేసుకున్న ఆస్తి పెద్దగా ఏమీ లేదు. కానీ ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్నవాళ్ళు అప్పటికే దేశంలోని ఎన్నో ల్యాబ్‌లలో వేరే పిల్లల్ని తమ పక్కన నిలబెట్టుకుని పని నేర్పుతున్నారు.

ఇప్పుడు మీ నోటుపుస్తకం తెరవండి. మొదట మీరు రాసుకున్న మూడూ చూడండి. రాయ్ గారు తన విద్యార్థులకి ఇచ్చినవాటిలో మీ జాబితాలో లేనిది ఏదైనా ఉందా? ఉంటే నాలుగోదిగా రాయండి.

కొత్త మాటలు

ఆసామి: భూములున్న మనిషి
కల్తీ: మంచి వస్తువులో వేరేది కలిపి మోసం చెయ్యడం
పాదరసం: నీళ్ళలా జారే వెండిరంగు లోహం
స్ఫటికం: పంచదార పలుకులా అంచులున్న గట్టి ముక్క
గుమస్తా: ఆఫీసులో లెక్కలు, కాగితాలు రాసే ఉద్యోగి
వేతనం: పనికి లేదా చదువుకి నెలనెలా ఇచ్చే డబ్బు
పదవీ విరమణ: ఉద్యోగం నుంచి రిటైర్ అవ్వడం
రుణపడి ఉండటం: ఒకరు చేసిన మేలుకి బాకీ ఉండటం

మాట్లాడుకుందాం

1. ప్రఫుల్ల చదువుకి సాయపడినవి మూడు ఏమిటి? ఒక్కోదాని గురించి రెండు వాక్యాలు చెప్పండి.
2. డబ్బు లేని విద్యార్థికి పరిశోధన ఎందుకు కష్టం? ఈ పాఠంలో చెప్పిన కారణం మీ సొంత మాటల్లో రాయండి.
3. బహుమతికి రాయ్ గారు తన పేరు ఎందుకు పెట్టుకోలేదని మీరు అనుకుంటున్నారు?
4. మీ ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య, నానమ్మ ఎవరితోనైనా ఫోన్లో తెలుగులో మాట్లాడండి. వాళ్ళ చదువుకి ఎవరు సాయం చేశారో అడగండి. విన్నది ఐదు వాక్యాల్లో రాసి క్లాసులో చదవండి.